నలభై ఒకటో మెట్టు

వరహాలమ్మ మంచం పక్కన స్టూలు మీద పెట్టిన ఆ పెట్టె పోపుల డబ్బా కన్నా పెద్దదేం కాదు. దాని మీద ఒక పచ్చ దీపం. దీపం వెలుగుతున్నంతకాలం అంతా సవ్యంగా ఉన్నట్టేనని ఆ ఇంట్లోవాళ్ళకి చెప్పింది సులోచనే. ఇప్పుడు పెట్టెకి తన లాప్‌టాప్ తగిలించి, తెర మీద అంకె చూశాక, ఆ మాట అన్నందుకు తన నోటి మీద తానే ఒకటి వేసుకోవాలనిపించింది.

మెట్టు 41.

"ఏంటమ్మాయ్ అలా సూత్తన్నావు? నా బుర్రలో ఎలకలేవన్నా దూరేయా?" అంది వరహాలమ్మ, మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని.

మూడు నెలల కిందట పక్షవాతం వచ్చినప్పుడు ఈ మనిషి "ఊఁ" అనడం తప్ప ఇంకో శబ్దం చెయ్యలేకపోయింది. అటువంటిది, ఇప్పుడు ఇంటికొచ్చిన ఇంజినీరుని ఆటపట్టిస్తోంది. ఎడమ చెవి వెనక రూపాయి బిళ్ళంత పలక, స్టూలు మీద ఈ పెట్టె, అంతే. దాని పేరు వారధి. మనిషి ఒక మాట కోసం తడుముకుంటే, మెదడులో తెగిపోయిన దారి బదులు పెట్టెలోంచి వెళ్ళి ఆ మాటనీ దాని అర్థాన్నీ తెచ్చి ఇస్తుంది. కాలూ చెయ్యీ కదపడానికీ అదే దారి. తలపెట్టిన వాక్యం పూర్తయితే, అందులో కొత్తగా నేర్చుకున్నది మెదడులోకి దిగి స్థిరపడుతుంది. సులోచన పనిచేసే కాకినాడ పరిశోధనశాలలో తొమ్మిదేళ్ళ చాకిరీ అది.

"ఎలకలు కాదమ్మా, చిన్న పని ఉంది. చూసి చెప్తాను," అంది సులోచన. ఆమె గొంతు ఆమెకే అబద్ధంలా వినిపించింది.

వారధిని లిస్ప్ అనే పాత కంప్యూటర్ భాషలో రాశారు. ఎందుకంత పాతదని అడిగినవాళ్ళకి పరిశోధనశాల పెద్ద ప్రభంజనరావు ఒకటే చెప్పేవాడు. "మిగతా భాషల్లో రాసినవి తప్పు ఎదురైతే చప్పున చచ్చిపోతాయి. ఇది చావదు. ఉన్నచోటే ఆగి, ఇక్కడ చిక్కుకున్నాను, ఏం చెయ్యమంటారు అని అడుగుతుంది. మనిషి తలకి తగిలించేది చచ్చిపోకూడదు కదా."

సులోచన ఉద్యోగంలో చేరిన మొదటిరోజు అలా ఆగడం చూసింది. ఏదో తప్పు కొట్టింది. తెర ఆగి, కింద నాలుగు దారులు చూపించి, ఏదో ఒక అంకె నొక్కమంది. ఆమె అది చదవలేదు. కంగారులో 'చాలు' అని కొట్టింది. చాలు అంటే ఏమిటో దానికి తెలీదు, అదింకో తప్పు, ఇంకో మెట్టు కిందికి. 'ఆపు' అంది. ఇంకో మెట్టు. 'బయటికి', 'వెళ్తాను', 'బాబోయ్' కూడా కొట్టింది. పద్నాలుగో మెట్టు దగ్గర ప్రభంజనరావు కాఫీ గ్లాసుతో వెనక నిలబడి నవ్వాడు.

"రేవులోకి మెట్లు దిగుతున్నావమ్మాయ్. ఇంకో నాలుగు దిగితే మునుగుతావు. అది అడిగేది వినకుండా నీ గోల నువ్వు చెప్తే ఎలా?" అని, సున్నా నొక్కి ఒక్కసారిగా గట్టెక్కించాడు. ఆ పద్నాలుగు మెట్ల మీదా ఏమున్నాయో అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. మొదటిరోజు పిచ్చిరాతలే కాబట్టి ఎవరికీ బాధ లేదు.

ఈ నలభై ఒకటి అలాంటివి కావు. సులోచన తెర మీద చివరి మెట్టు చదివింది.

'సరంగుగారు' అనే మాటకి అర్థం లేదు. ఏం చెయ్యమంటారు?
3: మళ్ళీ వెతుకు
2: ఈ ఒక్కసారికి ఏదైనా అర్థం ఇవ్వు
1: ఎప్పటికీ ఉండేలా అర్థం ఇవ్వు
0: అన్నీ వదిలేసి గట్టెక్కు

ఆ మాటకి అర్థం ఎందుకు లేదో లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు సులోచన. రెండోవారు వంటింట్లో చేపల పులుసు కాస్తున్నారు.

వరహాలమ్మ భర్త సూర్రాజు ముప్పై ఏళ్ళు గోదావరి మీద లాంచీ నడిపాడు. రేవులో అందరూ సరంగుగారు అనేవారు, ఆవిడా అలాగే పిలిచేది. మొగుడి పేరు నోటితో అనదు కదా మరి. ఆయన అవతలి గట్టున సొంతింట్లోనే పడుకునేవాడు, తెల్లారే మొదటి లాంచీ అక్కణ్ణుంచే కదులుతుంది కాబట్టి. ఈవిడ జబ్బు పడ్డాక ఇవతలి గట్టున, సుంకరరేవులో, కూతురు తాయారు దగ్గర ఉంటోంది. రోజూ పొద్దున్నే లాంచీ ఈ ఇంటి వెనక్కి వచ్చేసరికి ఆయన రెండు పొట్టి కూతలు కూయించేవాడు. మధ్యాహ్నం వచ్చి పెళ్ళాం పక్కన కూర్చుని, వారధిలోకి మాటలెక్కించేటప్పుడు సులోచనకి సాయం చేసేవాడు. "ఇది కూడా రాసుకోండమ్మా, మా ఆవిడికి ఇదంటే సిరాకు," అంటూ వంకాయ గురించి అరగంట చెప్పిన మనిషి.

ఇరవై మూడు రోజుల కిందట ఒక తెల్లవారుజామున నిద్దట్లోనే పోయాడు. తాయారు అవతలి గట్టునుంచి ఏడుస్తూ ఫోన్ చేసింది. "మూడు వారాలదాకా మా అమ్మకి గట్టి దెబ్బ తగలకూడదన్నారండి డాక్టరుగారు. ఇప్పుడు తెలిత్తే అమ్మ కూడా దక్కదు మేడంగారూ. నాన్న ఊసు ఆవిడి నోట్లోకే రాకుండా సెయ్యలేరా?"

ప్రభంజనరావు ఊళ్ళో లేడు. ఆయన్ని అడగలేదు కూడా. సులోచన ఆ మధ్యాహ్నమే వచ్చి, వరహాలమ్మ కునుకు తీస్తుంటే పెట్టె తెరిచి, ఒక్క వరుసలో ఆ మాట వెనకున్న మనిషిని తీసేసింది. అరనిమిషం పని. ఒక తల్లిని కాపాడానని తృప్తిగా తిరుగు బస్సెక్కింది. అర్థం తీసేస్తే అడగడం పోదని ఆమెకి తోచలేదు. చదువుకున్న తెలివి ఒక్కోసారి ఇలాగే ఏడుస్తుంది.

ఇప్పుడు ఆమె పెరట్లోకి వెళ్ళి ప్రభంజనరావుకి ఫోన్ చేసి, దాచకుండా అంతా చెప్పింది. ఆయన మొదట అడిగింది లెక్క.

"ఎన్ని మెట్లకి చోటుంది పెట్టెలో?"

"నలభై ఎనిమిది, సర్. ఈ మధ్య రోజుకి నాలుగైదు పడుతున్నాయి. రేపు సాయంత్రానికి నిండిపోతుంది."

"నిండితే దానంతటదే సున్నా నొక్కుకుంటుంది. ఏం పోతాయి?"

"మొదటి మెట్టు తరవాత నేర్చుకున్నవన్నీ. ఏ ఒక్కటీ మెదడులోకి దిగలేదు సర్, అన్నీ ఆగిన వాక్యాల మీదే పేరుకుని ఉన్నాయి. ఆ రోజుకి ఆవిడకి ముప్పై మాటలు కూడా రావు. కుడిచేత్తో అన్నం తినడం, నడక, అంతా ఈ ఇరవై మూడు రోజుల్లోదే."

"రెండోసారి మొదలుపెడితే ఈ వయసులో సగం కూడా అంటుకోదు. తెలుసుగా."

"తెలుసు సర్."

"సులోచనా, తప్పు జరిగితే ఆగి అడిగే భాషని ఏరికోరి పెట్టుకున్నాం. నువ్వు మాత్రం ఆగలేదు, అడగలేదు." ఆయన కోప్పడలేదు. కోప్పడినా బావుండేదనుకుంది ఆమె. "సరే. అది అడిగేదానికి ఇప్పుడైనా జవాబు చెప్పు. సున్నా జోలికి మాత్రం పోకు."

వంటింట్లో తాయారు పులుసు కుండ దించి, చెయ్యి తుడుచుకుంటూ విన్నది. ముప్పై ఏడేళ్ళ మనిషి, రేవులో పిల్లల బడికి వంట చేస్తుంది. మెట్ల సంగతి, నాలుగు దారుల సంగతి, సున్నా సంగతి సులోచన రెండు ముక్కల్లో చెప్పింది.

"నాన్న మాట దగ్గరా ఆగిపోయింది?" అంది తాయారు నమ్మలేనట్టు. "అదెలాగండీ? మా అమ్మ నాన్నని ఒక్కసారంటే ఒక్కసారి అడగలేదు. మాటాడుతా మాటాడుతా కాత్త ఆగుద్ది, ఇంకేదో ఎత్తుకుంటాది. నలభయ్యేళ్ళు కాపరం సేసిన మనిసిని ఇంత తేలిగ్గా మర్సిపోయిందా అని నేనెంత ఏడ్సేనో. ఓ పక్క మంచిదే అనుకున్నాను. ఓ పక్క మా అమ్మ మీద పీకలదాకా కోపం వచ్చిందండి."

సులోచనకి ఆ ఆగడమే మెట్టు దిగడమని చెప్పడానికి నోరు రాలేదు.

"రెండో దారుందన్నారుగా, ఈ ఒక్కసారికి ఏదో ఒకటి ఇవ్వొచ్చని. లాంచీ మీద ఉన్నారని పెట్టెయ్యండి," అంది తాయారు.

ఇద్దరూ మంచం దగ్గరికి వచ్చారు. వరహాలమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది, కుడిచేత్తోనే. సులోచన రెండు నొక్కి, 'లాంచీ మీద ఉన్న మనిషి' అని కొట్టింది.

వరహాలమ్మ చెయ్యి ఆగింది. తలెత్తి, కూతురి వైపు చూసి, పొద్దున్నెప్పుడో నోట్లో ఆగిపోయిన వాక్యం ఇప్పుడే పుట్టినట్టుగా అనేసింది.

"సరంగుగారికి పులుసులో తలకాయ ముక్క దాసేవా? మళ్ళీ పిల్లలు తినేత్తారు."

తాయారు చేతిలో గుడ్డ జారిపోయింది.

"దా... దాసేనమ్మా."

"లాంచీ ఎక్కడిదాకా ఎల్లింది? ఇయ్యాల మజ్జానం వత్తారా—" వరహాలమ్మ ఆగింది. కళ్ళు ఒక్క క్షణం ఎటో వెళ్ళొచ్చాయి. "ఈ సిక్కుళ్ళు ముదిరిపోయాయే," అంది.

తెర మీద నలభైకి దిగిన అంకె మళ్ళీ నలభై ఒకటి అయింది. ఇంకో నిమిషానికి నలభై రెండు. ఒక అబద్ధం ఒక్కసారికే పనికొచ్చింది, దాని వెనకాలే రెండు ప్రశ్నలు పుట్టుకొచ్చాయి.

"మా అమ్మ అడిగింది," అంది తాయారు. "అడుగుతానే ఉందా?"

సులోచన లాప్‌టాప్ వరండాలోకి తెచ్చి, బల్ల మీద పెట్టి, ఆగిన వాక్యాలన్నీ తెరిచింది. ఒక్కో మెట్టు మీదా రోజు, వేళ, ఆవిడ అనబోయిన మాట. తాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చదివింది. సరంగుగారు బీపీ మాత్ర ఏసుకున్నారా. వాన గట్టిగా ఉంది, సరంగుగార్ని లాంచీ కట్టేసి రమ్మను. నా కుడిచెయ్యి లేత్తంది, సరంగుగారికి సూపించాలి. అదే వాక్యం మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడు మళ్ళీ.

"సెయ్యి లేచినరోజు నేను ఇంటోనే ఉన్నానండి," అంది తాయారు. "సెయ్యి ఎత్తి గుమ్మం వైపు సూసింది. నాకు సూపిత్తందనుకున్నాను."

"ఆ రోజు మీరు దుఃఖంలో అడిగారు. వద్దని చెప్పాల్సింది నేను, చెప్పలేదు. తప్పు నాది," అంది సులోచన. "తీసేసిన అర్థం నా దగ్గర భద్రంగా ఉంది. ఒకటో దారిలో దాన్ని తిరిగి పెట్టేస్తాను. ఆ తరవాత మెట్టుమెట్టుకీ మూడు నొక్కుతూ పైకి రావాలి. ఆగిన ప్రతి మాటా బయటికొస్తుంది. బయటికొచ్చిన ప్రతిదానితో పాటూ దాని మీదున్న చదువు మెదడులోకి దిగి నిలబడిపోతుంది. ఏదీ పోదు."

"నాన్న లేడని పెట్టెలో రాసేత్తారా?"

"రాయను. మనిషిని తిరిగి ఇస్తానంతే. ఆయన ఉన్నాడో లేడో చెప్పాల్సింది పెట్టె కాదు."

"నేను సెప్పలేనండి. ఆవిడ తట్టుకోలేదు. అడిగిందానికల్లా ఏదోటి సర్దిసెప్తాను, అంతే నా వల్లయ్యేది."

"మీ ఇష్టం. మూడు వారాల గడువు మాత్రం దాటింది. నిన్న డాక్టరుగారు నాడి చూసి బావుందన్నారని మీరే చెప్పారు."

తాయారు ముఖం కడుక్కుని వచ్చి, తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది.

సులోచన లాప్‌టాప్ మళ్ళీ పెట్టెకి తగిలించి ఒకటి నొక్కింది. సూర్రాజు తిరిగొచ్చాడు: గళ్ళ లుంగీ, బీడీ వాసన, వంకాయ మీద అరగంట ఉపన్యాసం, రెండు పొట్టి కూతలు. నలభై రెండో మెట్టు మీది మాట వరహాలమ్మ నోట్లోంచి మామూలుగానే వచ్చింది. ఆ తరవాత మూడు. మళ్ళీ మూడు.

"సరంగుగారి సొక్కా బొత్తాం ఊడింది, కుట్టేవా?"

"కుట్టేనమ్మా."

"సరంగుగారు రాత్రి దగ్గేరంట, మిరియాల కసాయం కాసిపంపు."

"పంపేనమ్మా."

వరహాలమ్మ ముఖంలో ఒక ఆశ్చర్యం మొదలైంది. గొంతులో ఎన్నాళ్ళనుంచో గుచ్చుకుని ఉన్న ముళ్ళు ఒక్కోటీ ఊడి వస్తున్నట్టు, ప్రతి మాటకీ ఊపిరి పీల్చుకుని, జవాబు కోసం కూడా ఆగకుండా అడుగుతోంది. తాయారు సర్దిచెప్పడం ముప్పై దాకా సాగింది. ముప్పై దగ్గర తలూపడం మొదలుపెట్టింది. ఇరవై దగ్గర తలూపడం కూడా మానేసి, తల్లి పాదాలు పట్టుకుని వింటూ ఉండిపోయింది.

వెనక్కి వెళ్ళేకొద్దీ వాక్యాలు పొట్టివయ్యాయి. అప్పటికి ఆవిడకి మాటలు తక్కువ మరి. "సరంగుగారు వాన." "సెయ్యి సూడు సరంగుగారు." ఆరో మెట్టు మీద "సరంగుగారు అన్నం," అంతే. నాలుగు, మూడు, రెండు. సులోచన ఒకటో మెట్టు మీదున్న వేళ చూసింది. తను అర్థం తీసేసి బస్సెక్కిన సాయంత్రమే, ఇంకా చీకటి పడకముందు.

మూడు నొక్కింది.

వరహాలమ్మ పెరటి వైపు, గోదావరి వైపు, చెవి ఒగ్గినట్టు తల తిప్పింది.

"కూత లేదు," అంది. "సరంగుగారు?"

రెండే ముక్కలు. అప్పటికి ఆవిడకున్న ముప్పై మాటల్లోంచి ఏరుకుని, మొదటిరోజే, సరైన ప్రశ్న అడిగింది. అడిగిన మాటని ఇద్దరూ కలిసి నోట్లోనే ఆపేశారు. మిగతావన్నీ ఆ ఒక్కదానికి జవాబు రాక అడిగినవే. సులోచనకి తల ఎత్తబుద్ధి కాలేదు.

తాయారు దగ్గర ఈ ప్రశ్నకి సరిపోయే అబద్ధం లేదు. కుట్టేననీ పంపేననీ దీనికి చెప్పడానికి లేదు.

"లేరమ్మా," అంది. "నాన్న లేరు. ఇరవై మూడ్రోజులైంది. నిద్దట్లోనే ఎల్లిపోయేరు."

తెర మీద మెట్టు అనే మాట పోయింది. ఖాళీ వరుసలో చిన్న గీత ఒకటి కొట్టుకుంటూ ఉంది, తరవాతి మాట కోసం. సులోచన దాన్నే చూస్తూ కూర్చుంది. మళ్ళీ ఆగితే చిక్కు మొదటికొచ్చినట్టే. ఆగలేదు.

వరహాలమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. ఒలిచిన చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. అప్పుడు అడిగింది.

"బాధపడ్డారా?"

"లేదమ్మా. దుప్పటి కూడా సెదరలేదు."

"కూత మారడం ఇంటన్నాను," అంది వరహాలమ్మ. "కొత్తోడెవడో పొడుగ్గా ఊదుతున్నాడు. అడుగుదామంటే నోట్లోకి రాదు. ఏం అడగాలో కూడా తెలిసేది కాదు. ఇక్కడేదో ఉంది అనిపించేది, సెయ్యి పెడితే ఉండేది కాదు." గుండె మీద చెయ్యి వేసి చూపించింది. "ఇప్పుడుంది."

"ఆ మాట తీసేసింది నేనే అమ్మా," అంది సులోచన.

వరహాలమ్మ ఆమె వైపు చూసింది. ఆ చూపులో క్షమించడమూ లేదు, తిట్టడమూ లేదు. ఇంకో పెద్ద పని ఉన్న మనిషి చూపు అది. కూతురి వైపు తిరిగింది. ఇరవై మూడు రోజుల కిందట కదలని కుడిచెయ్యి నెమ్మదిగా లేచి, తాయారు నెత్తి మీద ఆనింది.

"అయితే ఇన్నాళ్ళూ నువ్వొక్కద్దానివే ఏడిసేవా అమ్మా?"

తాయారు తల్లి ఒళ్ళో ముఖం పెట్టుకుని, ఆ ఇంట్లో మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. సులోచన పెట్టెకి తగిలించిన తీగ ఊడదీసుకుని, చప్పుడు చెయ్యకుండా వరండాలోకి వెళ్ళి కూర్చుంది.